పర్లాకిమిడి పంతులుగారు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో ఆగస్టు 29వ తేదీన చేసిన ప్రసంగ పాఠము)



ఉదయమునుండి మీరు ఇంటిపన్నుల లెక్కలను, తీర్మానములు వ్రాయు విధానమును, మంచినీటి పథకముల నిర్వహణమును గూర్చి శ్రద్ధతో వినుచున్నారు. భోజనానంతరము ఒక గంట కాలమును నిర్వాహకులు నాకు కేటాయించిరి. భోజనమైన పిదప ప్రచారశాఖ ఉద్యోగి చేయు ఉపన్యాసమును వినుట యెంత కష్టమో నేనెరుగుదును. అందుచేత నేడు ఏ పథకమును గూర్చియు చెప్పదలచుకొనలేదు. ఒక బడిపంతులుగారిని గూర్చి చెప్పెదను. వారు జన్మించినది ఈ దినముననే.

వారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారి జన్మదినమును మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. పట్టణములలో వారి పటమునకు పూలదండ వేసి, "వాడుక భాషకై పోరాడిన మహనీయులు" అని నాలుగు మాటలు చెప్పి, సభ ముగింతురు. ఆ మాట నిజమే. కాని ఆ మాటలో బడి కనబడదు. వారు ముప్పది సంవత్సరములు ఒక చిన్న పట్టణములో పాఠములు చెప్పిరి. పండితుడని, పరిశోధకుడని, ఉద్యమనాయకుడని వారికి తరువాత పేరు వచ్చెను. అవి యన్నియు ఆ బడిగదిలో మొలచినవే యని నా నమ్మకము. చెప్పిన పాఠము పిల్లవానికి తెలిసినదా, తెలియలేదా అను ఒక్క ప్రశ్నను వారు జీవితాంతము విడువలేదు.

ముందుగా నొక క్షమాపణ. వాడుక భాషకై జీవితమును ధారవోసిన వారిని గూర్చి నేనీ పుస్తకాల భాషలో మాట్లాడుచున్నాను. ఇది కాగితములు వ్రాసి వ్రాసి నాకు పట్టుబడిన అలవాటు. పంతులుగారే ఈ సభలో ముందు వరుసలో కూర్చుండియుండినచో ఈపాటికి లేచి నా వాక్యములలో నాలుగు తప్పులు చూపియుండెడివారు. ఈ అలవాటువలన నాకు జరిగిన యొక పరాభవమును చెప్పి, పిదప కథకు వచ్చెదను.

కొన్ని యేండ్ల క్రిందట వానకాలమున, మన్యమునకు దాపుననున్న ఒక గ్రామములో జ్వరములు ప్రబలినవి. నేనొక కరపత్రము వ్రాసి, అచ్చువేయించి, పంచిపెట్టించితిని. "గృహ పరిసరములందు నిలువయుండు జలమును తొలగింపుడు. మశకముల ఉత్పత్తి స్థానములను నిర్మూలింపుడు" అని అందులో వ్రాసితిని. నాకది చాల బాగుగా నున్నట్లు తోచినది. రచ్చబండ కడ నొక కుర్రవాడు దానిని అందరును వినునట్లు చదివెను. ఎక్కడను తడబడలేదు. చదువుట ముగియగానే యొక ముసలమ్మ, "బాగా సదివేవు నాయనా. ఇంతకీ మమ్మల్నేటి సెయ్యమంతారు?" అని అడిగెను. కుర్రవాడు నా వంక చూచెను. నేను, "ఇంటి చుట్టూ నీళ్లు నిలవ ఉండనీకండమ్మా. తొట్లూ కుండలూ వారానికోసారి ఖాళీచేసి ఎండబెట్టండి" అంటిని. ఆమె, "ఆ ముక్కే రాయకపోయేవా బాబూ" అని లేచి పోయినది.

ఆనాడు తలవంచుకొని జీపు ఎక్కితిని. ఇంటికి వచ్చినపిదప గిడుగువారి జీవితచరిత్రను మొదటినుండి మరల చదివితిని. పరీక్షలకు చదివినప్పుడు నాకది తెలియలేదని అప్పుడు తెలిసినది.

రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన పర్వతాలపేటలో జన్మించిరి. ఆ యూరు వంశధార నదీ తీరమున, శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున, నేటి శ్రీకాకుళము జిల్లాలో నున్నది. తండ్రిగారు వీర్రాజుగారు సంస్థానపు రివెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరమునకు బదిలీయై 1875లో అచ్చటనే జ్వరముతో చనిపోయిరి. పండ్రెండేండ్ల బాలుడు విజయనగరమున మేనమామగారి యింట నుండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొనెను. ఆ బడిలో వారి సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఒకే బల్లపై కూర్చుండిరో లేదో గాని, తరువాత తెలుగు భాషను ఒకే త్రోవను నడిపించిన ఇద్దరు ఆ బడిలోనివారే.

1879లో మెట్రిక్యులేషను ప్యాసైరి. మరుసటి యేడు, అనగా 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరిరి. అప్పటికి వారికి సుమారు పదునేడేండ్లు. తండ్రిగారి అప్పులు తీర్చవలసియుండెను. కుటుంబ భారమంతయు నెత్తిపై నుండెను. ఆనాటి పర్లాకిమిడి మద్రాసు రాజధానిలో గంజాము జిల్లాకు చెందిన చిన్న సంస్థానపు పట్టణము. ఒకవైపున తెలుగు గ్రామములు, ఒకవైపున ఒడియా గ్రామములు, వెనుక సవర కొండలు. సామాన్యముగా అట్టిచోట చేరిన ఉపాధ్యాయుడు ఏండ్లు గడచినకొలది ట్యూషన్లు చెప్పుకొని, ఇల్లు కట్టుకొని, పింఛను కొరకు ఎదురుచూచును. దీనిలో తప్పేమియు లేదు. పంతులుగారు మాత్రము పిల్లలకు పాఠము చెప్పి ఇంటికి వచ్చి, తాము మరల పిల్లవానివలె పుస్తకము పట్టిరి. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలకు గూర్చొనిరి. చరిత్రలో మొదటి తరగతిలో, రాష్ట్రమున రెండవ స్థానమున ఉత్తీర్ణులైరి. అప్పటికి వారికి ముప్పది మూడేండ్లు.

చరిత్ర పాఠము చెప్పుటకు పుస్తకము చాలునని వారు తలంపలేదు. ఒకసారి నేను ఉద్యోగరీత్యా శ్రీముఖలింగము పోయి మధుకేశ్వరాలయమును చూచితిని. అచ్చటి స్తంభములపై, గోడలపై శాసనములు నిండియున్నవి. మనము ప్రదక్షిణము చేయుచు వానిని చేతితో తడవి సాగిపోదుము. పంతులుగారు ఆ పురాతన లిపిని తాముగా నేర్చి, ఆ శాసనములను చదివిరి. గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ఈ ముఖలింగమే యని వాదించి, ఇంగ్లీషు పత్రికలలో వ్యాసములు ప్రకటించిరి. తమ యూరి ప్రక్కన గోడపై నున్న చరిత్రను చదువలేనివాడు పిల్లలకు ఇంగ్లండు రాజుల చరిత్ర యెట్లు చెప్పునని వారికి తోచియుండును.

ఇక వారి జీవితములో నాకు అన్నిటికంటె ప్రియమైన భాగమునకు వచ్చుచున్నాను. దీనిని కొంచెము నిదానముగా చెప్పెదను. మీలో కొండప్రాంతపు పంచాయతీలనుండి వచ్చినవారు కొందరున్నారు.

పర్లాకిమిడి వెనుక కొండలలో సవరలు నివసింతురు. పోడు వ్యవసాయము చేసి, అడవి సరకులు తెచ్చి, సంతలో అమ్ముకొందురు. వారి భాష తెలుగుతో గాని ఒడియాతో గాని పుట్టుసంబంధము లేనిది. తెలుగు ద్రావిడ కుటుంబములోనిది, ఒడియా ఆర్య కుటుంబములోనిది, సవర భాష ముండా కుటుంబములోనిది. అందుచే మైదానపువారికి ఆ భాష పక్షుల కూతవలె వినబడెడిది. వర్తకుడు చెప్పిన ధరకు ఒప్పుకొని, సాహుకారు వ్రాసిన పత్రముపై వ్రేలిముద్ర వేసి, కచేరీలో దుబాసీ చెప్పినదే తన వాఙ్మూలముగా సవర తిరిగిపోవలసి వచ్చెడిది. తన పక్షమున తాను మాట్లాడుకొనుటకు వానికి మాట లేదు. మాట లేదనుట తప్పు. వానికి మాట కలదు, వినువారికి ఆ మాట రాదు.

పర్లాకిమిడిలో ఈ దృశ్యమును చూచినవారు వేలమంది. పంతులుగారు ఏమి చేసిరనగా, తెలుగును సవరభాషయు రెండును వచ్చిన యొకనిని తమ యింటనే ఉంచుకొని, ఆ భాష నేర్చుకొనుటకు కూర్చొనిరి. అప్పటికి సవర భాషకు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. చెవియే పుస్తకము. ఒక్కొక్క మాటను పలికించి, విని, మరల పలికి, వ్రాసుకొనవలెను. గొంతుకలో మాటను ఆపి విడిచినట్లు పలుకు ధ్వని ఆ భాషలో నున్నది. దానికి మన అక్షరము లేదు. అట్టివానిని గుర్తించుటకు వారు ధ్వనిశాస్త్ర గ్రంథములు తెప్పించుకొని చదివిరి. ఏండ్ల తరబడి ఈ పరిశ్రమ సాగినది. పగలు రాజావారి బడి, సాయంకాలము సవర మాటలు, సెలవులలో కాలినడకను కొండలు.

భాష వచ్చిన తరువాత పాటలు, కథలు సేకరించి సవర భాషలో వాచకములు వ్రాసిరి. తెలుగు లిపిలోనే వ్రాసిరి. సొంత డబ్బుతో సవర పల్లెలలో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములు చెల్లించిరి. ముప్పది రూపాయలతో మొదలైన జీతము పెరిగియుండవచ్చును గాని, ఆ కాలపు బడిపంతులు ఎంత ధనవంతుడో మీకు చెప్పనక్కరలేదు. మద్రాసు ప్రభుత్వము వారి పుస్తకములను ప్రచురించి, వేయి రూపాయలు పారితోషికముగా నీయజూపినది. వారు ఆ సొమ్ము తమకు వలదనియు, దానితో సవరలకొక మంచి బడి పెట్టి తమ పుస్తకములను అందు పాఠ్యపుస్తకములుగా నుంచుడనియు కోరిరి. ఆ బడులలో పనిచేయు ఉపాధ్యాయులకు తామే శిక్షణ యిచ్చిరి.

వేయి రూపాయలనగా ఆ దినములలో ఎంత సొమ్మో యని నేనొకసారి లెక్క వేసితిని. మొదటి జీతము ప్రకారము చూచినచో అది సుమారు మూడేండ్ల జీతము. మన పంచాయతీకి వచ్చిన గ్రాంటును బడికి ఖర్చు పెట్టుమనుట తేలిక. తన చేతికి రాబోవుచున్న సొమ్మును బడికి మరల్చుట వేరొక సంగతి.

ఆ కొండలు వారినుండి ఒకటి తీసికొన్నవి కూడ. మన్యములో తిరుగుటచే చలిజ్వరము పట్టుకొన్నది. దానికి అప్పటి మందు క్వినైను. ఆ మందు అధికముగా సేవించుటచే చెవులు దెబ్బతిని, శేషజీవితమంతయు వినికిడి మాంద్యముతోనే గడపిరి. చెవిని పుస్తకముగా చేసికొని ఒక భాషను నేర్చిన మనుష్యుని విషయమున ఇట్లు జరిగినది. ఐనను సవరభాషా పరిశ్రమను వారు మానలేదు. ఇంగ్లీషులో వారు రచించిన సవర వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము 1931లో అచ్చువేసినది. అప్పటికి వారికి అరువది యెనిమిదేండ్లు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినది. సుమారు ముప్పది యైదు సంవత్సరముల పరిశ్రమ ఆ పుస్తకములలో నున్నది. కుమారుడు గిడుగు వేంకట సీతాపతిగారు ఈ పనిలో వారికి కుడిభుజముగా నుండిరి.

పిల్లవానికి మొదటి చదువు వాని తల్లిభాషలోనే చెప్పవలెనని ఈనాడు విధానపత్రములలో చదువుచున్నాము. 2004 ప్రాంతమున మన ప్రభుత్వము సవర, కోయ, కువి, కొండ మొదలగు గిరిజన భాషలలో ప్రాథమిక తరగతులకు తెలుగు లిపితో వాచకములను సిద్ధపరచినది. ఇది కొత్త ఆలోచనయని ఎవరైన మీతో అన్నచో, నూరేండ్లకు పూర్వమే పర్లాకిమిడిలో ఒక పంతులుగారు తన జేబునుండి ఖర్చుచేసి చేసిన పని యిదేయని చెప్పుడు.

పర్లాకిమిడి బడిలో తెలుగు పిల్లలకు తెలుగు చెప్పుటలోనే మరియొక చిక్కు కలదు. పండితుడు తరగతిలో పద్యము చదివి, దాని యర్థమును వాడుక మాటలలో చెప్పును. పిల్లవానికి తెలియును. పిమ్మట పిల్లవాడు అదే యర్థమును కాగితముపై వ్రాయునప్పుడు, గురువుగారు నోట పలికిన మాటనే వ్రాసినను తప్పని కొట్టివేయుదురు. మాట్లాడుటకు ఒక తెలుగు, వ్రాయుటకు మరియొక తెలుగు. ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా 1907లో వచ్చిన యేట్సు దొర ఈ వింతను చూచి, ఇట్లేల జరుగుచున్నదని అడిగెను. విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు దీనికి సమాధానము చెప్పగలవారు గురజాడ, గిడుగు అని సూచించిరట. తెలుగుదేశమున ఒక మహావాదమునకు ఇది నాంది. పరాయిభాషవాడు వచ్చి అడుగువరకు మనకా ప్రశ్న తట్టకపోవుట ఆశ్చర్యమే. అలవాటైన ఇబ్బంది కంటికి కనబడదు.

పంతులుగారు 1911లో ఉద్యోగ విరమణ చేసిరి. విశ్రాంతి తీసికొనుటకు కాదు. ఆ వాదమునకు సంబంధించిన వివరములన్నియు చెప్పినచో సాయంకాలమగును, మీ బస్సులు వెళ్లిపోవును. ముఖ్యమైన వానిని మాత్రము చెప్పెదను. పాఠశాల చివరి పరీక్షలో వ్యాసమును ఏ భాషలోనైన వ్రాయవచ్చునని 1912, 1913 ప్రాంతమున ఒక వెసులుబాటు కలిగినది. పండితులు సభలు పెట్టి వ్యతిరేకించిరి. కొలదికాలముననే ఆ వెసులుబాటు పోయినది. 1915లో గురజాడవారు కన్నుమూసిరి. గిడుగువారు ఒంటరియైరి. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు అధ్యక్షులుగా, పంతులుగారు కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినది. మూడు నెలలకే వీరేశలింగముగారును గతించిరి. ఆ సంవత్సరమే పంతులుగారు 'తెలుగు' అను మాసపత్రికను స్థాపించిరి. అది యొక యేడు నడిచి ఆగినది. డబ్బు లేక ఆగిన పత్రికలు మన దేశమున చాల కలవు.

వారి పద్ధతి విచిత్రమైనది. వాడుక భాష గొప్పదని కేకలు వేయుట కాదు. పూర్వకవుల గ్రంథములను, వ్యాఖ్యానములను, పాత వచన గ్రంథములను తెరచి, "మీరు తప్పన్న ఈ రూపమును ఫలానివారు వాడిరి, చూడుడు" అని పుటసంఖ్యతో సహా చూపెడివారు. పిమ్మట గ్రాంథికవాదులు వ్రాసిన పుస్తకములనే తీసికొని, వారు విధించిన సూత్రముల ప్రకారమే అందులోని తప్పులను వరుసగా ఎత్తిచూపెడివారు. ఆ భాషను దాని రక్షకులే తప్పులు లేక వ్రాయలేనప్పుడు, పదేండ్ల పిల్లవానిని దానికై బెత్తముతో కొట్టుట న్యాయమా యని వారి వాదము. 1925లో తణుకులో నాలుగు గంటలసేపు ఇట్లే ప్రసంగించిరి. నాలుగు గంటలు! నాకిచ్చిన గంటనే మీలో కొందరు గడియారముతో కొలుచుచున్నారు.

వారిని 'పిడుగు' అనెడివారు. ఇంటి పేరుతో కలిసివచ్చిన మాట. నిజమునకు వారి నోరు పదునైనది. ఎదిరిపక్షమున జయంతి రామయ్య పంతులుగారివంటి పెద్దలు, భాషయందు నిజమైన ప్రేమ గలవారు నుండిరి. వారిని గిడుగువారి మాటలు నొప్పించియుండును. ఈ విషయమున పంతులుగారిదే న్యాయమని నేను నమ్ముదును గాని, నొచ్చినవారందరు ప్రజాశత్రువులని చెప్పుటకు నాకు మనసొప్పదు. వారికి గ్రంథము కనబడినది, గిడుగువారికి పిల్లవాడు కనబడినాడు.

ఆ పిల్లలు పెద్దవారైరి. 1933లో వారికి డెబ్బది నిండిన సందర్భమున, రాజమహేంద్రవరమున శిష్యులు, మిత్రులు సభ జరిపి, పరిశోధక వ్యాసముల సంపుటమొకటి వారికి సమర్పించిరి. 1913లోనే ప్రభుత్వము బిరుదమిచ్చినది. తరువాత కైజరీ హింద్ పతకము నొసగినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ అని గౌరవించినది. మెడల్సు జాబితా చదువుట మా శాఖ పని గనుక చెప్పితిని. నా దృష్టిలో శిష్యులు తెచ్చిన పుస్తకమే పెద్దది. బడిపంతులుకు డెబ్బదేండ్లు వచ్చినప్పుడు శిష్యులు అట్టి పుస్తకమును తెచ్చి సమర్పించిరనగా, ఆ బడిలో ఏమి జరిగినదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక నాకు చెప్పుటకు కష్టమైన సంగతి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రముగా ఏర్పడినది. పర్లాకిమిడి పట్టణమును, దాని చుట్టుపట్ల గ్రామములును అందులో చేర్చబడినవి. తెలుగువారు అధికముగా నున్న ప్రాంతమును అట్లు చేర్చుట అన్యాయమని పంతులుగారు వాదించిరి. ఫలితము లేకపోయెను. అంతట వారు ఏబదియారు సంవత్సరములు నివసించిన పట్టణమును విడిచి రాజమహేంద్రవరము చేరిరి. పదునేడేండ్ల పిల్లవాడుగా వచ్చిన యూరు. తాము బడులు పెట్టిన కొండలు కనుచూపు మేరలో నున్న యూరు. చెవులు వినబడని డెబ్బది రెండేండ్ల వృద్ధుడు మూట కట్టుకొని బయలుదేరుట తలచుకొన్నచో, అది పట్టుదలయా, పొరపాటా అని తర్కించుటకు నాకు నోరు రాదు. నేడు పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రము. తెలుగువారు, ఒడియావారు, సవరలు నేటికిని అచ్చట కలిసియే జీవించుచున్నారు. సరిహద్దు గీత ఎక్కడ పడినను సంత మాత్రము మునుపటివలెనే సాగుచున్నది.

1940 జనవరి 22వ తేదీన మద్రాసులో పంతులుగారు కన్నుమూసిరి. కొలది దినముల ముందు కూడ పత్రికలవారితో మాట్లాడి, వాడుక భాషను గూర్చియే చెప్పిరి. వారు పోవునాటికి వార్తాపత్రికలలో ఆ భాష అప్పుడప్పుడే తలుపు తట్టుచున్నది. తాపీ ధర్మారావుగారు 'జనవాణి' పత్రికను పూర్తిగా వాడుక భాషలో 1937లోనే నడిపిరి. తరువాత పత్రికలు, పాఠ్యపుస్తకములు ఒక్కొక్కటిగా దారికి వచ్చినవి. చిట్టచివరకు రావలసినవి కచేరీ కాగితములు. అవి యింకను దారిలోనే యున్నవి. ఈ విషయమున ముద్దాయిలలో నేనొకడను.

మీకు దీనితో పనియేమని మీరు అడుగవచ్చును. మీలో పలువురు స్వాతంత్ర్య దినమున మీ యూరి బడికి పోయి జెండా వందనము చేసి, పిల్లలకు మిఠాయి పంచి వచ్చుచున్నారు. మరుగుదొడ్డికి తలుపు లేదని, ప్రహరీగోడ కూలినదని తీర్మానములు చేయుచున్నారు. అవి చేయవలసినవే. ఈసారి పోయినప్పుడు ఒక పిల్లవానిని పిలిచి, వాచకములో ఒక పుట చదివించుడు. గడగడ చదివినచో సంతోషింపుడు, కాని అంతటితో వదలిపెట్టకుడు. పుస్తకము మూయించి, "ఇందులో ఏముందిరా అబ్బాయీ, నీ మాటల్లో చెప్పు" అని అడుగుడు. మా కుర్రవాడు కరపత్రమును ఎక్కడను తడబడక చదివెనని మరువకుడు. పిల్లవాడు చెప్పలేకపోయినచో మాస్టారును మందలింపవలదు. పక్కన కూర్చుండి, ఏమి కావలెనో అడుగుడు. ఆయన మనస్సులో నున్న మాటను ఇంతవరకు ఎవరును అడుగకపోయి యుండవచ్చును.

కొండ పంచాయతీల సభ్యులు మరియొక సంగతి చూడవలెను. మీ బడికి వచ్చిన ఉపాధ్యాయునికి పిల్లల భాష వచ్చునా? రానిచో మీ గ్రామములో తెలుగును తమ భాషయు రెండును వచ్చిన చదువుకొన్న యువతీ యువకులు ఎవరైన కలరా? పంతులుగారు తమ యింట నుంచుకొన్నది అట్టివానినే. గురువుకు భాష నేర్పిన ఆ మనుష్యుని కూడ నేను ఈ దినము గురువుగానే తలచుకొనుచున్నాను.

గ్రామసభలో తీర్మానము చదువునప్పుడు కూడ ఇదియే. మీ కార్యదర్శి కాగితమును గడగడ చదివినంతనే అందరును చేతులెత్తుచున్నారు. వెనుక వరుసలో కూర్చున్న అమ్మను, "ఏమర్థమయిందమ్మా?" అని ఒక్కసారి అడిగిచూడుడు. సభ కొంచెము ఆలస్యమగును. కొన్ని తీర్మానములు మారవచ్చును కూడ.

నా కరపత్రము సంగతి మిగిలినది. ఆ ముసలమ్మను మరల కలిసికొనవలెనని మరుసటి నెలలో ఆ యూరికి పోయితిని. క్రొత్తగా వ్రాసినదానిని ఆమెకు చదివి వినిపించితిని. ఆమె రెండుచోట్ల ఆపినది. ఒకచోట 'వినియోగించని' అను మాట తీసివేసి 'వాడని' అని పెట్టించినది. మరియొకచోట, "తొట్టి అంటే మా ఊళ్లో పశువుల తొట్టే. అది రోజూ ఎలా వొంపేత్తాం?" అని అడిగినది. అది నాకు తట్టని సంగతి. పశువుల తొట్టిని గూర్చి వేరుగా ఒక వాక్యము వ్రాసితిని. మొత్తము ఆరు వాక్యములు. మా కార్యాలయమున దానిని చూచినవారు, "ఇంతేనా, ఇంకేమైన వ్రాయవలసినదేమో" అనిరి. ఇంతేయని చెప్పితిని.

ఆ కరపత్రము ప్రతులు తలుపు ప్రక్కన బల్లపై నుంచితిని. వానకాలము గనుక మీ గ్రామములకు పనికివచ్చును. పంచుటకు ముందు మీ యూరిలో ఎవరిచేతనైన ఒకసారి పైకి చదివించి, వినువారు ఎక్కడ ఆగిరో గుర్తుపెట్టి నాకు ఒక కార్డు వ్రాయుడు. మీ మాటలలోనే వ్రాయుడు.